తల్లి దాటాల్సిన కొమ్మ

నమోదు 1. ఎండుగాలులు మొదలైన వారం

ఈ రోజు నా బండికి వచ్చిన పెద్దమనిషి ఎడమ కంటిపొర తీయనన్నాడు. కుడికంటిది తీసి నీళ్ళ గిన్నెలో వేశాడు. ఎడమది మాత్రం చూపు కోసం పెట్టుకున్నదనీ, తీస్తే తల తిరుగుతుందనీ చెప్పాడు. వనం ద్వారం దగ్గర గిన్నెలు పట్టుకుని నిలబడడం ఈ వారం నా వంతు. ఇలాంటి తలతిరుగుళ్ళు రోజూ చూస్తున్నాను. అతని కంటి అంచున సన్నటి నీలిగీత మెరుస్తోంది. అంటే ఆ పొర యంత్రమే, లోపల బొమ్మ పడుతోందన్నమాట. తీయకపోతే బండి ఎక్కనివ్వనన్నాను. తీశాడు గానీ, ఇంత చిన్నపిల్ల చేతికి ఇంత అధికారం ఎవరిచ్చారో కనుక్కుంటానన్నాడు.

ఒట్టికన్ను చట్టం ఇచ్చింది. ఆ మాట అతనికి వినబడేటట్టే అన్నాను.

మొగలిదీవిలోని మూడు జాతీయ వనాల్లోనూ సఫారీ బండి తప్ప మరో యంత్రం అడుగు పెట్టకూడదు. యంత్రం చూపించిన జంతువు చూసినట్టు లెక్క కాదు. ఎందుకో దారి పొడుగునా ఆ పెద్దమనిషే వివరించాడు. వాళ్ళింట్లో మనవడు అన్నం తినే బల్ల మీద ఏనుగుల మందని నిలబెడతాడట, పేడవాసనతో సహా. అందుకని అక్కడ ఎవరి బొమ్మనీ ఎవరూ నమ్మరు. నమ్మేది మా దారాన్నే. దుప్పిని చూస్తే పసుపుదారం, అడవిపందికి గోధుమరంగుది, ఎలుగుబంటికి నల్లది. ఒట్టి కంటితో చూసినవాళ్ళ మణికట్టుకి, పక్కనుండి చూసిన మేమే, జాడ తీసేవాళ్ళమే, ముడి వేయాలి. వాళ్ళ ఆఫీసులో ముగ్గురికి నల్లదారం ఉందట. ఆ ముగ్గురి మాటే చెల్లుతుందట.

తోక కిందికి వేలాడేసుకుని కాయ ఒలుచుకుంటున్న బెట్టుడుతని చూపించాను. ఆవలించాడు. పిల్లని పొట్టకి హత్తుకుని కొమ్మ మీంచి కొమ్మ మీదికి దూకే కొండముచ్చుని చూపించాను. దానికి ఏ రంగు దారమని అడిగాడు. దానికి దారం లేదన్నాను. అయితే బండి ముందుకి పోనివ్వమన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. సముద్రాలు దాటి వచ్చి, కళ్ళ మీది పొరలు తీసి గిన్నెలో వేసి కూడా, ఈ మనిషికి దారం తప్ప ఇంకేమీ కనబడలేదు.

ఎర్రరాళ్ళ గుట్ట మలుపులో దాలయ్య మావ బండి ఆపాడు. మావ మా అమ్మకి వరసకి తమ్ముడు. మా ఇద్దరికీ ఒకటే బండి, ఆయన తోలతాడు, నేను జాడ చూస్తాను. బాటకి అడ్డంగా పాలకొమ్మ ఒకటి పడి ఉంది. విరిచినచోట కారిన పాలు ఇంకా ఆరలేదు. మావ నాకేసి ఒకసారి చూశాడు. ముందు బాట కోసుకుపోయిందని పెద్దమనిషికి చెప్పి బండి తిప్పేశాడు.

అది గాలికి పడిన కొమ్మ కాదు. పిల్లల్ని పెట్టిన తల్లిని మాలో ఎవరు ముందు చూస్తే వాళ్ళు పచ్చికొమ్మ విరిచి బాటకి అడ్డం వేస్తారు. ఆకులు తల్లి ఉన్న వైపుకి ఉంటాయి. వాడిపోతే తరవాత వెళ్ళినవాళ్ళు కొత్తది వేస్తారు. ఎవరు వేశారని అడగకూడదు, దాటి తొంగిచూడకూడదు. దాన్ని తీసే హక్కు తల్లి ఒక్కదానిదే. పిల్లలతో బయటికి వచ్చి, కొమ్మని తొక్కుకుంటూ వెళ్ళిపోయిందంటే బాట మళ్ళీ తెరుచుకున్నట్టు. సముద్రం ఊళ్ళు మింగినప్పుడు ఉద్దానం నుంచి పడవల్లో వచ్చిన మా ముత్తవ్వల కాలం నుంచీ ఇదే పద్ధతి.

ఎర్రరాళ్ళ గుట్టలో ఉండేది చెవి చీరిన ఆడ ఎలుగు. మా వనంలో పిల్లల్ని పెట్టే ఈడున్న ఎలుగు అదొక్కటే మిగిలింది.

నమోదు 2. అదే వారం చివర

వనాలని నడిపే దర్శన మండలి కొత్త నియమం ఒకటి గోడకి అతికించింది. దాని పేరు దర్శన హామీ. ఎలుగుని చూడకుండా తిరిగొచ్చిన సందర్శకుణ్ణి మర్నాడు మళ్ళీ తిప్పాలి. అప్పటికీ కనబడకపోతే ఆ మర్నాడూ తిప్పాలి. తిప్పేవాళ్ళకి ఆ వారం సెలవు ఉండదు. ఎలుగు బయటికి రాకపోవడం మా తప్పన్నమాట. బాలింతకి కూడా హాజరుపట్టీ పెట్టగల మహానుభావులు వీళ్ళు.

నియమం చదివి వినిపించింది ద్వీప అధికారి శశాంక గారు. ఆయన ఎవరినైనా గారు అనే పిలుస్తాడు. ఆఫీసు బల్ల ఎక్కిన కొండముచ్చుని "దయచేసి దిగండి" అన్నాడని దాలయ్య మావ చెబుతాడు. నేను నమ్ముతాను. అంత మెత్తగా మాట్లాడే మనిషి మీద కోపం తెచ్చుకోవడానికి ఎక్కువ కష్టపడాలి. నేను కష్టపడతాను.

మా సంఘం గదిలో రేకుపెట్టె నిండా పాత కరపత్రాలున్నాయి. సమ్మె హక్కు గురించి, అడవి ఎవరిదన్న దాని గురించి, మశూచి టీకా గురించి, దంపుడు బియ్యం గురించి. నేను బడికి వెళ్ళింది తక్కువ. చదువంతా ఆ పెట్టెలోనే నేర్చుకున్నాను. దంపుడు బియ్యం గురించి రాసినాయన కూడా ముందు ప్రభుత్వాన్ని కడిగేసిన తరవాతే బియ్యం దగ్గరికి వచ్చాడు. నాకు ఆ పద్ధతి నచ్చింది.

నిన్న సాయంత్రం బండ్ల పాకలో అందరం చేరినప్పుడు సమ్మె చేద్దామన్నాను. మావ ఇరుసుకి నూనె రాస్తూ తలెత్తకుండానే అడిగాడు.

"ఒలే పైడీ, సమ్మె సేసినోళ్ళు ఆ పూట ఏటి తిన్నారో ఆ కాగితాల్లో రాసుందేటి?"

పాకంతా నవ్వింది. సంఘానికి పెద్ద అయిన కూర్మమ్మత్త కూడా నోట్లో ఆకు నములుతూ నవ్వింది. ఆమె నవ్వితే నాకు ఇంకా కోపం. ఏభై ఏళ్ళు జాడ తీసిన మనిషి, నియమం విని "సర్లే" అని ఊరుకుంది. అలా అందరూ సర్లే అనబట్టే గోడల మీద ఇలాంటివి అతుక్కుంటున్నాయని అన్నాను. ఆమె తుపుక్కున ఉమ్మేసి, పొద్దుట తనతో నడవమంది.

ఈ పొద్దుట ఎర్రరాళ్ళ గుట్టకి దూరంగా, కొమ్మకి ఇవతలే కూర్చోబెట్టి చెవులొగ్గమంది. మొదట ఏమీ వినబడలేదు. తరవాత రాళ్ళ లోపలినుంచి తేనెపట్టు దగ్గర వినబడేలాంటి మోత. ఎలుగుపిల్లలు పాలు తాగేటప్పుడు అలా గునుస్తాయి. నేను పుస్తకంలోనూ చదవలేదు, చెవినా వినలేదు.

"రెండు గొంతులు," అంది అత్త. "ఒకటి మరీ బక్కది. బెదిరితే తల్లి దాన్ని ఒగ్గేస్తాది."

లేచి, నన్ను వెంటబెట్టుకుని పాక దారి పట్టింది.

నమోదు 3. మూడు బండ్లకి ఒకే దుప్పి కనబడిన రోజు

కరపత్రం రాశాను. సంఘం గదిలో తుప్పుపట్టిన రోలరుకి సిరా పూసి నేనే అచ్చు తీశాను. ఇదీ పాఠం:

"సందర్శకులారా! మీ బండి బాటలో పచ్చికొమ్మ అడ్డం పడి ఉందా? ఆగండి. అది చెత్త కాదు. ఒక తల్లి పిల్లల్ని కన్నదని చెప్పే మాట. ఆ ఆకులు ఏ వైపుకి తిరిగి ఉన్నాయో ఆ వైపున ఆమె ఉంది, బిడ్డలకి పాలిస్తూ ఉంది. ఆమె గుమ్మంలో నిలబడే హక్కు ఏ చట్టమూ మీకివ్వలేదు. మా పెద్దలు తరతరాలుగా ఆ కొమ్మ దగ్గర వెనక్కి తిరిగారు. బండి తిప్పమని మీరే అడగండి. అడిగిననాడు మీరు మనుషులు."

చివరి వాక్యం నాకు బాగా నచ్చింది. అడక్కపోతే ఏమవుతారని మావ అడిగాడు. ఆయనకి రచన తెలియదు.

ద్వారం దగ్గర గిన్నెతో పాటు తలా ఒక కాగితం ఇచ్చాను. వాళ్ళ దేశాల్లో కాగితం కనబడి తరాలైందట. తడిమి చూశారు, వాసన చూశారు. కాగితం మీద ఉన్నది ఎవరో చేత్తో చేసిందని వెంటనే నమ్మారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. మొదటిరోజు పెద్దమనిషి హామీ ప్రకారం మళ్ళీ తిరుగుతూ ఇక్కడే ఉన్నాడు. ఆయన రెండుసార్లు చదివి, ఇంత చిన్నపిల్ల ఇంత గొప్పగా రాసిందా అన్నాడు. నాలుగు రోజుల కిందట ఆ చిన్నపిల్ల మాటే ఆయనకి మంట. కోపం రావాల్సింది. రాలేదు. కాళ్ళు నేల మీద ఆనలేదు నాకు.

మనుషులకి తెలియకే తప్పులు చేస్తారు, తెలిస్తే మానేస్తారు. రేకుపెట్టెలోని ప్రతి కరపత్రమూ చివరికి చెప్పేది ఇదే.

సాయంత్రం కూర్మమ్మత్తకి మొత్తం చదివి వినిపించాను. ఆమె ఒకటే అడిగింది.

"ఆకులు ఎటేపుంటాయో అది కూడా రాసినావేటే?"

రాశాను కదా, అర్థం పూర్తిగా తెలియాలి కదా అన్నాను. ఆమె నమిలే ఆకు నమలడం మానేసి, లేచి వెళ్ళిపోయింది.

నమోదు 4. మర్నాడే

ద్వారం మీద కొత్త బోర్డు: పచ్చికొమ్మ దర్శనం. కింద చిన్న అక్షరాల్లో, ఎలుగుతల్లిని పిల్లలతో చూసినవారికి ప్రత్యేక తెల్లదారం. ఆ దారం నిన్నటిదాకా లోకంలో లేదు.

శశాంక గారు నన్ను ఆఫీసుకి పిలిపించి, నిలబడి మరీ కుర్చీ చూపించాడు.

"పైడితల్లి గారూ, మీ కరపత్రం మా కళ్ళు తెరిపించింది. ఇంత గొప్ప సంప్రదాయం సందర్శకులకి ఇన్నాళ్ళూ తెలియకపోవడం మా లోపమే. ఇకమీదట కొమ్మ ఉన్న ప్రతిచోటికీ యాత్ర ఉంటుంది. చెప్పులు విడిచి, నిశ్శబ్దంగా, మీరు రాసిన గౌరవంతోనే."

"నేను వెనక్కి తిరగమని రాశాను."

"తిరుగుతారండీ. చూసి తిరుగుతారు."

బల్ల మీది నీళ్ళగ్లాసు విసిరికొట్టాలనిపించింది. మూతి బిగించుకుని వచ్చేశాను. బయట అప్పటికే అయిదు బండ్లు వరసలో ఉన్నాయి. మొదటిది మాది.

ఎర్రరాళ్ళ మలుపులో అందరూ చెప్పులు విడిచారు. కొమ్మ ముందు చేతులు జోడించి నిలబడ్డారు. పెద్దమనిషి జేబులోంచి నా కాగితం తీసి పైకి చదివాడు, మిగతావాళ్ళు కలిసి అన్నారు. "ఆమె గుమ్మంలో నిలబడే హక్కు ఏ చట్టమూ మీకివ్వలేదు" అన్న వాక్యం కూడా చదివారు. చదివి, కొమ్మకి బట్టలు తగలకుండా కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, జాగ్రత్తగా దాటి లోపలికి నడిచారు. అడ్డం వెళ్ళి నిలబడ్డాను. నా భుజం తట్టి పక్కనుంచి పోయారు.

ఎలుగు రాళ్ళలోంచి బయటికి వచ్చింది. వెనక్కాళ్ళ మీద లేచి నిలబడి, ఛాతీ మీది తెల్లమచ్చ కనబడేలా చేతులు చాచి అరిచింది. ఆ అరుపు ఎంత పెద్ద రాయినైనా వెనక్కి నెట్టేది. వీళ్ళు మాత్రం ఆనందంతో ఏడ్చారు. పెద్దమనిషి నాకేసి మణికట్టు చాచాడు. చూశాడు, నా కళ్ళముందే చూశాడు, కాబట్టి నల్లదారం అతని హక్కు. నేను దారం తీయలేదు. మావ వచ్చి, అతని మొహం చూడకుండా, ముడి వేసి పోయాడు.

అయిదు బండ్లూ ఒకదాని తరవాత ఒకటి వచ్చి వెళ్ళాయి. అవన్నీ పోయాక కొమ్మకి ఇవతల కూర్చుని చాలాసేపు విన్నాను. రాళ్ళలోంచి ఏ మోతా రాలేదు.

దుర్మార్గుల మీద ఎలా రాయాలో రేకుపెట్టెలో ఉంది. నా రాతనే భక్తితో చదువుతూ తొక్కుకుంటూ పోయేవాళ్ళ గురించి ఏం చేయాలో ఏ కాగితంలోనూ లేదు.

నమోదు 5. ఇంకో రెండు రోజులకి

పొద్దు పొడుస్తుండగా ఎండువాగు గట్టు మీద ఉన్నాను. చెవి చీరిన ఎలుగు వాగు దాటుతోంది. నోట్లో పిల్ల ఒకటి వేలాడుతోంది. గట్టు కింద పాత చెట్టు వేళ్ళ మధ్య ఉన్న గుల్లలోకి దూరి, నోరు ఖాళీగా బయటికి వచ్చి, వచ్చినదారినే పోయింది. రెండోదాన్ని తేవడానికి. తెస్తుందో లేదో చూడాలని కూర్చోలేదు. నేనక్కడ కూర్చుంటే తేదు.

ఇప్పుడు ముందుగా చూసింది నేను. పద్ధతి ప్రకారం కొమ్మ నేనే వేయాలి. వేయకపోతే మాలో ఎవరి బండైనా తెలియక నేరుగా ఆ గట్టు ఎక్కేస్తుంది. వేస్తే శశాంక గారు ఆకులు చూసి చెప్పులు విడిపిస్తాడు. పాలకొమ్మ విరిచి చేతిలో పట్టుకుని, అక్కడే నిలబడిపోయాను. పాలు మోచేతి దాకా కారి జిగురయ్యాయి. ఇరవై ఏళ్ళ నా బతుకులో ఇంత బరువైన వస్తువు మొయ్యలేదు.

కొమ్మని వెదుళ్ళలో దాచి పాకకి వచ్చాను. అక్కడ సంఘం కూర్చుని ఉంది. గుట్ట ఖాళీ అయిందనీ, కొత్త కొమ్మ ఎక్కడో వెంటనే చెప్పాలనీ మండలి కబురు పెట్టిందట. నన్ను చూడగానే తలో మాటా అన్నారు. మా అమ్మ వయసువాళ్ళు అన్నారు, నాతో ఆడుకున్నవాళ్ళు అన్నారు. చదువు తలకెక్కిందన్నారు. పడ్డాను. తరవాత నేనూ అరిచాను. కొమ్మ నిజం చెప్పడం వల్లే కదా దొరికిపోతున్నాం, వనంలో ఉన్న ప్రతి బాటకీ కొమ్మ వేసేద్దాం, వెతుక్కోనీ అన్నాను.

తల్లి లేనిచోట కొమ్మ వేయడమన్నది వాళ్ళు ఎన్నడూ విని ఎరగరు.

"మొదట అమ్మేసినావు," అంది కూర్మమ్మత్త. "ఇప్పుడు అబద్ధం ఆడిత్తానంటన్నావు. రేపు నిజంగా వేస్తే మనోళ్ళయినా ఆగుతారేటే?"

ఆగరు. నాకూ తెలుసు. కొమ్మ ఇంక కొమ్మ కాదు. కానీ దాన్ని చంపింది నేను కాదు, బోర్డు రాసినవాళ్ళు. నేను చేసిందల్లా వాళ్ళకి దారి చూపించడం. ఇది రాశాక మళ్ళీ చదివితే రెండూ ఒకటేలా ఉన్నాయి. కొట్టివేయడం లేదు, ఉండనీ.

ఎవరూ ఒప్పుకోలేదు. సాయంత్రం వెలుగుండగానే ఒక్కదాన్నే బయల్దేరాను. మొదటి కొమ్మ ఎండువాగు గట్టున వేశాను, ఆకులు గుల్ల వైపుకి. అది నిజం కొమ్మ, దానికి నిజంగానే వేయాలి. తరవాత చేతనైనన్ని బాటలకి వేశాను. పుట్టల వైపు, ముళ్ళకంపల వైపు, ఏమీ లేని వైపు. వేసిన ప్రతిసారీ ఎవరో వీపు మీద కొట్టినట్టు ఉంది. చీకటిపడేసరికి చేతులు లేవలేదు. వనంలో సగం బాటలు మిగిలే ఉన్నాయి.

నమోదు 6. మర్నాడు ఉదయం

మిగలలేదు.

ద్వారం నుంచి మొదటి మలుపుకే ఒక కొమ్మ. నేను వేయలేదు. మంచెబాట మీద ఒకటి, ఉప్పుమడుగు దగ్గర ఒకటి, బండ్ల పాక నుంచి వచ్చే అడ్డదారిలో కూడా ఒకటి. నేను అటువైపే పోలేదు. అన్నీ తాజాగా విరిచినవి, అన్నిటికీ ఆకులు తలో వైపుకి. ఎడమచేత్తో విరిచినవి కొన్ని. మా సంఘంలో ఎడమచెయ్యి వాటం ఎవరిదో అందరికీ తెలుసు. పేరు రాయను గానీ, ఆమె నిన్న నన్ను అందరికంటే ఎక్కువ తిట్టింది.

శశాంక గారు మమ్మల్నందరినీ ద్వారం ముందు నిలబెట్టాడు. మొదటిసారి ఆయన గొంతులో గారు తగ్గింది.

"ఇవన్నీ ఎవరు వేశారు?"

కూర్మమ్మత్త ఆకు ఒక దవడ నుంచి ఇంకో దవడకి మార్చుకుంది.

"ఎవులేసినారో అడక్కూడదు బావు. ఈ గుంట రాసిన కాగితంలో లేదేటి ఆ ముక్క?"

లేదు. రాయడం మరిచిపోయాను. అంత రాసినదాన్ని, అది ఒక్కటీ.

నమోదు 7. అదే రోజు, పొద్దు వాలాక

శశాంక గారు స్వయంగా మా బండెక్కాడు. వెనక పెద్దమనిషి, ఇంకో ఏడుగురు, తెల్లదారం కోసం. ఏ కొమ్మ దగ్గరికి పోనివ్వాలో ఆయనే చూపిస్తాడు. కరపత్రం రాసిన మనిషిని కాబట్టి, ప్రతి కొమ్మ దగ్గరా అది నిజమైనదో కాదో సందర్శకులకి నేను చెప్పాలి.

మొదటి కొమ్మ దగ్గర "ఇదే" అన్నాను. చెప్పులు విడిచారు, కాగితం చదివారు, దాటి వెళ్ళి చెదలపుట్ట ముందు చేతులు జోడించి నిలబడ్డారు. ఎండ మాడ్చేస్తోంది. రెండో కొమ్మ దగ్గరా "ఇదే" అన్నాను. అక్కడ ముళ్ళు. ఒకావిడ అరికాలు చీరుకుంది. మూడోచోట అడవికోడి ఒకటి రెక్కలు కొట్టుకుంటూ లేచిపోయింది, దానికే ఇద్దరు ఏడవబోయారు. దాలయ్య మావ మొహం రాయిలా పెట్టుకుని తోలుతున్నాడు, భుజాలు మాత్రం కదులుతున్నాయి. మధ్యాహ్నం దాటేసరికి కాగితం చదవడం మానేశారు. తరవాత చెప్పులు విడవడం మానేశారు. పెద్దమనిషి నన్ను అబద్ధాలకోరన్నాడు. చిన్నప్పటినుంచీ ఎవరూ నన్ను ఆ మాట అనలేదు. మామూలుగా అయితే వాడి అంతు చూసేదాన్ని.

అప్పుడు శశాంక గారు ఎండువాగు వైపుకి చెయ్యి చూపించాడు.

అక్కడ తల్లి ఉందని మావకి తెలియదు. బండి గట్టు కిందికి పోయి ఆగింది. నేను వేసిన కొమ్మ అలాగే ఉంది, ఆకులు గుల్ల వైపుకి. ఎడంగా, గట్టు లోపలినుంచి, తేనెపట్టు మోత. నాకు వినబడింది. మావకీ వినబడినట్టుంది, పగ్గాల్లా పట్టుకుని బండి తోలే పిడుల మీద ఆయన వేళ్ళు బిగుసుకున్నాయి. వెనకవాళ్ళు నీళ్ళసీసా కోసం పోట్లాడుకుంటున్నారు.

వద్దని అరవాలని గొంతుదాకా వచ్చింది. నాకు తెలిసిన పని అదొక్కటే. అరిస్తే అయిపోయేది.

"ఇదేనా, పైడితల్లి గారూ?" అన్నాడు శశాంక గారు.

పొద్దుటినుంచీ ఎలా అన్నానో సరిగ్గా అలాగే అన్నాను. "ఇదే."

పెద్దమనిషి ఫక్కున నవ్వాడు. ఎనిమిదిమందిలో ఒక్కరూ కాలు కింద పెట్టలేదు. ఇంకెన్నిసార్లు నమ్ముతామనుకున్నావని అరికాలు చీరుకున్నావిడ కసిరింది. శశాంక గారు నా మొహంలోకి చాలాసేపు చూసి, వాళ్ళ మొహాలు చూసి, బండి తిప్పమన్నాడు.

మావ తిప్పాడు. మెల్లిగా, ఒక్క రాయి కూడా కదలకుండా తిప్పాడు. బండి దిగాక నా నెత్తి మీద ఒక్కటి మొట్టి పోయాడు.

ఒక్కసారైనా నిజం చెప్పాను వాళ్ళకి. వాళ్ళు మాత్రం వెళ్ళి మండలి మీద ఫిర్యాదు రాశారు.

నమోదు 8. మొదటి వాన పడిన మర్నాడు

పచ్చికొమ్మ దర్శనం బోర్డు ఎప్పుడో దించేశారు. దాని స్థానంలో ఇంకోటి పెట్టారు: వనంలో కొమ్మ విరవడం శిక్షార్హం. మా ముత్తవ్వల పద్ధతిని మొదట అమ్మారు, అమ్ముడుపోకపోయేసరికి నేరం చేశారు. క్షమాపణ ఎవరూ చెప్పలేదు. చెబుతారని నేను ఎదురుచూసిన మాట నిజం. ఆ ఎదురుచూపు మీద కూడా నాకు కోపంగానే ఉంది.

ఈ పొద్దుట ఎండువాగు గట్టుకి వెళ్ళాను. కూర్మమ్మత్త నాకంటే ముందే వచ్చి కూర్చుని ఉంది. కొమ్మ వాడి గోధుమరంగుకి తిరిగి ఉంది. మధ్యలో విరిగి తడిమట్టిలోకి తొక్కుకుపోయింది. పక్కన ఎలుగు అడుగులు, పొడుగాటి గోళ్ళతో సహా. తల్లివి మాత్రమే. పిల్లల అడుగు ఒక్కటీ లేదు.

అత్త లేచి ఆ అడుగుల వెంట నడిచింది. ఎలుగుతల్లి పిల్లల్ని వీపు మీద మోస్తుందని నాకు తెలుసు. మోయడానికి లేకపోయినా అడుగులు ఇలాగే ఉంటాయని కూడా తెలుసు. చెదలపుట్ట దాకా ఆమె వెనకే నడిచాను. అక్కడ తల్లి ఆగి పుట్ట తవ్వింది. తవ్విన మట్టి చుట్టూ, వాన మెత్తబరిచిన చోట, చిన్న చిన్న పాదాలు గిరగిరా తిరిగాయి. ఒక జత కొంచెం పెద్దవి. ఒక జత నా బొటనవేలంత.

అత్త ఆ బక్క అడుగు పక్కన కూర్చుని, ముట్టుకోకుండా చూసింది. నేను ఎందుకేడుస్తున్నానని అడగలేదు.

వాటిని నేను కంటితో చూడలేదు. ఒట్టికన్ను చట్టం ప్రకారం ఆ పిల్లలు లేనట్టే. ఏ రంగు దారానికీ నేను అర్హురాలిని కాను.

తిరిగి వచ్చేటప్పుడు అత్త ఒకచోట ఆగి కొత్త గుర్తేమిటో చెప్పింది. కొమ్మ పోయింది కాబట్టి ఇకమీదట తల్లి ఉన్నచోట ఏ గుర్తు పెట్టాలో సంఘంలో నాకే చివర చెప్పారు. అది న్యాయమే. ఏమిటో, ఎక్కడ పెడతామో, ఎటు తిరిగి ఉంటుందో ఇక్కడ రాయను. ఈ నమోదు పుస్తకం ఎవరడిగినా చూపించాలన్నది నియమం. అడగండి, చూపిస్తాను.

ఈ మధ్యాహ్నం ఒక బాటలో అలాంటిది ఒకటి పెట్టాం. అటు దుప్పి ఈనింది. శశాంక గారు దాని పక్కనుంచే నడిచి వచ్చి, ఎండ బాగా కాస్తోంది కదా పైడితల్లి గారూ అన్నాడు. అవునన్నాను.